చాప మీద లంక

పులి-మేక ఆటలో పులుల వైపు ఎప్పుడూ ఒక్కడే. జాతరంతా మేకల వైపే. అరుగు మీద సుద్దముక్కతో గీసిన పటం, 23 కూడళ్ళు, పులులకి 3 గచ్చకాయలు, మేకలకి 15 చింతపిక్కలు. మేకల పక్షాన ఇద్దరు పిల్లలు కూర్చుంటే వాళ్ళ భుజాల మీంచి మరో ముగ్గురు తొంగిచూసేవాళ్ళు. గుమ్మంలో చేటలో బియ్యం ఏరుకుంటున్న అమ్మమ్మ తలెత్తకుండానే "అక్కడెట్టకురా, వెనక ఖాళీ ఉంది, దూకేస్తది" అనేది. పులి దూకాలంటే మేక వెనక కూడలి ఖాళీగా ఉండాలి. అందుకే మేకల ఆటంతా ఒకదాని వెన్ను ఒకటి కాచుకోవడమే. అంచుల నుంచి నింపుకు రావాలి, జంటగా పెట్టాలి, పదిహేనూ దిగేదాకా ఒక్కటీ కదపకూడదు. ఎన్ని మేకలు పోతే ఓటమో మాత్రం ఊరికో లెక్క.

ఇలాంటి చోటికి "అందరూ ఒకే పక్షం, బోర్డే ఎదురు పక్షం" అనే బోర్డు ఆటల పెట్టెలు వచ్చినప్పుడు ఆ ఊహ ఎవరికీ వింతగా తోచలేదు. వింతల్లా ధర, ఇంగ్లీషు రూల్ పుస్తకం. సంక్రాంతికి హైదరాబాదు నుంచో అమెరికా నుంచో దిగిన బావల సూట్‌కేసుల్లో వచ్చేవి అవి. తిరుగు ప్రయాణంలో అదే చోట తాండ్ర, ఆవకాయ ఎక్కేవి. పులి కూర్చున్న చోట ఇప్పుడు కార్డుల కట్ట కూర్చుంది. పులికి బుర్ర ఉంటుంది. కట్టకి బుర్ర లేదు గానీ జ్ఞాపకం ఉంది. ఏ చోటుని ఒకసారి ముంచిందో అక్కడికే మళ్ళీ వస్తుంది. ఈ ఒక్క ముక్క బోధపడితే ఈ రకం ఆటలన్నీ సగం వచ్చేసినట్టే.

అన్నిట్లోకీ ఇక్కడ, ఈ గోదావరి లంకల్లో, బాగా పాతుకున్నది ఫర్బిడెన్ ఐలాండ్. మ్యాట్ లీకాక్ చేసిన ఆట, 2010లో వచ్చింది. మునిగిపోతున్న లంక మీద ఇద్దరి నుంచి నలుగురి దాకా మనుషులు. నాలుగు నిధులు సంపాదించి, అందరూ ఒకే రేవుకి చేరి, హెలికాప్టర్ ఎక్కి బయటపడాలి. లంక అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేని చోట ఈ ఆట నేర్పడానికి పది నిమిషాలు ఎక్కువ.

పలకలు 24. వరసకి 2, 4, 6, 6, 4, 2 చొప్పున చాప మీద పేరిస్తే లంక తయారు. పలకకి ఒకవైపు పొడి నేల, తిప్పితే నీలంగా తడిసిన నేల. వరద కట్టలోనూ 24 కార్డులే, పలకకొకటి. మొదట్లోనే 6 కార్డులు తీసి ఆ పలకల్ని తడివైపు తిప్పేస్తారు. ఆ తర్వాత ఎవరి వంతు వచ్చినా వరస ఇదే: 3 పనులు, 2 నిధి కార్డులు, ఆ పైన నీటిమట్టం ఎంత చూపిస్తే అన్ని వరద కార్డులు. పొడిగా ఉన్న పలక పేరొస్తే తడుస్తుంది. తడిసినదాని పేరొస్తే మునుగుతుంది. మునిగిన పలకా పోతుంది, దాని కార్డూ పోతుంది, ఇక రావు. చేతిలో ఉన్న 3 పనుల్లో గట్టు వేయడం ఒకటి. నిలబడ్డ పలకనో, ఆనుకున్న పలకనో తిరిగి పొడివైపు తిప్పొచ్చు.

నిధి కట్టలో 28 కార్డులు: నిధికి 5 చొప్పున 20, హెలికాప్టర్లు 3, ఇసుక బస్తాలు 2, 'వాటర్స్ రైజ్' 3. ఈ చివరిది వచ్చినప్పుడు రెండు జరగాలి. మట్టం ఒక గీత పైకెక్కుతుంది. అప్పటిదాకా పారేసిన వరద కార్డులన్నీ కలిపి వరద కట్ట పైన పెడతారు. కింద కాదు, మధ్యలో కాదు, పైనే. కొత్తగా నేర్చుకున్న ఇళ్ళలో ఎక్కువగా తప్పేది ఇదే. మొత్తం కట్టతో కలిపేసి బాగా కలగాపులగం చేస్తారు. అప్పుడు వరద ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు, ముందుచూపుకి పని ఉండదు, వైకుంఠపాళికీ దీనికీ తేడా ఉండదు.

పైన పెట్టడమెందుకో లంకవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఏటా ముందు మునిగేది ఏరు దాటే పల్లపు దారి, ఆ కాజ్‌వేనే. కనకాయలంక దారి మీదకి నీళ్ళొచ్చాయని ఒక జులైలో వింటే ఆగస్టులోనూ వినాల్సిందే. ఊడిమూడిలంక వైపు పడవ కట్టే రేవు ప్రతి వరదకీ అదే. పల్లం ఎక్కడుందో నీటికి గుర్తు.

మట్టం గీతల దగ్గర 2, 2, 3, 3, 3, 4, 4, 5, 5 అని ఉంటుంది, చివర పుర్రె. ఇంట్లో చేసుకున్న సెట్లలో వాటి పక్కన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి వరద హెచ్చరిక అంకెలు రాసుకోవడం ఒక సరదా. మూడేసి కార్డులు లాగడం మొదలయ్యే గీత దగ్గర 11.75 అడుగులు, మొదటి ప్రమాద హెచ్చరిక. నాలుగు దగ్గర 13.75. అయిదు దగ్గర 17.75, మూడో హెచ్చరిక. పుర్రె దగ్గర ఉత్తినే '86' అని రాసి వదిలేసేవారు. ఆ ఏడాది ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి లేచింది. ఆ అంకె చూసి పెద్దవాళ్ళు ఒక నిమిషం ఆట ఆపి మాట్లాడేవాళ్ళు.

పేర్లు కూడా మారిపోయాయి. ఒక పనికి రెండు పలకలు గట్టు వేయగల ఇంజనీరు కాస్తా లస్కరు అయ్యాడు, కాలవ గట్లు చూసుకునేవాడు మరి. ఇతరుల బొమ్మల్ని ఒక పనికి రెండు పలకల దాకా నడిపించే నావిగేటర్ సరంగు. తడిసిన పలకలూ, లేని పలకలూ దాటి ఈదిపోయే డైవర్ గజఈతగాడు. ఎక్కడున్నా కార్డు అందించగల మెసెంజర్ తలారి. పైలట్ మాత్రం పైలటే, వంతుకి ఒకసారి ఎక్కడికైనా ఎగురుతాడు. మూలకి అడ్డంగా నడిచే ఎక్స్‌ప్లోరర్‌కి పేరు కుదరలేదు.

ఇప్పుడు లెక్క. నలుగురు ఆడితే మొదట తలకి 2 చొప్పున 8 నిధి కార్డులు పంచుతారు. అప్పుడు వాటర్స్ రైజ్ వస్తే వెనక్కి కలిపి వేరేది ఇస్తారు కాబట్టి ఆ మూడూ కట్టలోనే ఉంటాయి. మిగిలినవి 20, వంతుకి 2. అంటే 10 వంతుల్లో మూడుసార్లు వరద తిరగబెడుతుంది, తప్పదు. ఎప్పుడన్నదే తెలియదు. ఆరు వంతులైనా ఒక్కటీ రాలేదంటే అదృష్టం అనుకుని నిధుల వెంట పరుగెత్తడం పొరపాటు. మిగిలిన 8 కార్డుల్లో మూడూ కూర్చుని ఉన్నాయన్నమాట.

పారేసిన వరద కార్డుల కుప్ప బోర్లించకూడదు, అందరికీ కనపడేట్టు వెల్లకిలా ఉండాలి. అందులో 8 కార్డులున్నాయనుకోండి, మట్టం 3 దగ్గరుంది. వాటర్స్ రైజ్ వచ్చింది, గీత పెరిగినా ఇంకా 3 మీదే ఉంది. ఆ 8 కార్డులూ పైకెక్కాయి. ఈ వంతులో 3, తర్వాతి వంతులో 3, ఆపై వంతులో 2. ఈలోపు ఇంకో వరద రాకపోతే సరిగ్గా ఆ ఎనిమిది పలకల పేర్లే పిలుస్తారు. వాటిలో మూడింటికి ముందే గట్టు వేసి ఉంటే అవి తడిసి ఊరుకుంటాయి. మిగతా అయిదూ మునిగేవే. కాబట్టి ఆ క్షణాన అడగాల్సింది "ఏది తడిసింది" అని కాదు, "ఈ అయిదులో ఏది లేకపోయినా బతకొచ్చు" అని. నిధి దొరికే పలకలు నిధికి 2 చొప్పున 8, హెలికాప్టర్ దిగే చోటు 1. ఈ తొమ్మిదే ప్రాణం. ఒక నిధి చేతికి వచ్చేసిందా, దాని రెండు పలకలూ ఇక మామూలు నేల. జంటలో ఒకటి మునిగిందా, రెండోది హెలికాప్టర్ చోటంత విలువైంది. మిగిలిన పదిహేనూ దారి కోసం. దారి తెగిపోయిన ముక్క మీద ఒక్కడు చిక్కుకుని వాడి పలక మునిగి, పక్కన ఈదడానికి ఏదీ లేకపోతే నలుగురూ ఓడినట్టే.

ఇంకో మామూలు ఓటమి చేతి పరిమితి వల్ల. చేతిలో 5 కార్డులకి మించకూడదు, నిధికి ఒకే రకం 4 కావాలి. నలుగురూ తలా రెండు రంగులు పోగేసుకుంటే ఎవరికీ నాలుగు పూర్తి కావు. మొదటి రౌండులోనే "నీది గ్లాసు, నాది రాయి" అని తేల్చేసుకోవాలి. ఇచ్చిపుచ్చుకోవాలంటే తలారి తప్ప మిగతావాళ్ళు ఒకే పలక మీద నిలబడాలి, ఒక్కో కార్డుకి ఒక్కో పని ఖర్చు. నాలుగు నిధులూ చేత పట్టుకుని రేవులో నిలబడి, హెలికాప్టర్ కార్డు లేక మునిగిపోయిన జట్లు లెక్కలేనన్ని. మూడు హెలికాప్టర్లలో ఒకటి కదపకుండా దాచాలి.

అసలు సెట్టు పండక్కి వచ్చి పండగతో వెళ్ళిపోయేది. ఆ తర్వాత ఆట ఆగకుండా ఉండాలంటే ఇంట్లోనే చేసుకోవాలి. దళసరి అట్టకి పెళ్ళి శుభలేఖలని మించింది లేదు, ప్రతి ఇంటి బీరువా మీదా ఓ కట్ట ఉంటుంది. పలక 6 సెంటీమీటర్ల చతురస్రం. ఏ-4 కాగితం మీద అడ్డంగా 3, నిలువుగా 4, అంటే 12. రెండు కాగితాలకి 24 సరిపోతాయి. పొడివైపు, తడివైపు విడివిడిగా జిరాక్స్ తీసి అట్టకి రెండువైపులా అంటించాలి. ఒకవైపే అంటిస్తే ఆరేకొద్దీ కాగితం అట్టని తనవైపు లాగి పలక దోసె అంచులా లేస్తుంది. రెండువైపులా ఒకే మందం కాగితం, ఒకే జిగురు ఉంటే లాగుడు సరిసమానం. మైదా ఉడకబెట్టిన జిగురు వాడితే బొద్దింకలకి విందు. ఫెవికాల్‌లో కొంచెం నీళ్ళు కలిపి పల్చగా రాయాలి, ఎక్కువ నీళ్ళయితే జిరాక్స్ కాగితం ముడతలు పడుతుంది. రాత్రంతా సన్నికల్లు కింద ఉంచి పొద్దున్నే కోయాలి. అంటించాకే కోయాలి. ముందే కోసి అంటిస్తే ఏ రెండు పలకలూ ఒక్క కొలతకి రావు. పలకల మధ్య వేలెడు సందు వదిలితే లంకంతా మూర పొడవులో సర్దుకుంటుంది.

అదే లీకాక్ అంతకు ముందు, 2008లో చేసింది పాండెమిక్, ప్రపంచ పటం మీద నాలుగు జబ్బులు పాకకుండా ఆపి మందులు కనిపెట్టే ఆట. దాని బోర్డు మీద మనకి దగ్గర చుక్క చెన్నై. నల్లరంగు జబ్బు ఇలాకా. అక్కణ్ణుంచి ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, బ్యాంకాక్, జకార్తాలకి అయిదు దార్లు. అందుకే చెన్నై మీద జబ్బుకి గుర్తుగా పెట్టే నల్ల దిమ్మలు మూడు చేరాయంటే అందరి చూపూ అక్కడే. నాలుగోది పడాల్సి వస్తే అది పడదు, అయిదు ఊళ్ళకీ ఒక్కోటి పాకుతుంది. ఢిల్లీలో కూడా మూడుంటే అదీ పేలుతుంది. ఎనిమిది పేలుళ్ళకి ఆట ఆఖరు.

దీని ప్రాణమంతా కట్ట కట్టడంలో ఉంది. ఊళ్ళ కార్డులు 48, 2013 కూర్పులో ఈవెంట్ కార్డులు 5, కలిపి 53. నలుగురికి తలా 2, ఇద్దరికైతే తలా 4, ఎలాగైనా 8 పోయి 45 మిగులుతాయి. ముగ్గురికి తలా 3, మిగిలేవి 44. మామూలు ఆటకి ఎపిడెమిక్ కార్డులు, అంటే జబ్బు విజృంభించేవి, 5. 45ని తొమ్మిదేసి చొప్పున 5 కుప్పలు చేసి, కుప్పకొక ఎపిడెమిక్ కలిపి, ఏ కుప్పకాకుప్ప కలిపి, ఒకదాని మీద ఒకటి పెట్టాలి. పెట్టాక మళ్ళీ మొత్తం కట్టని కలపకూడదు. పేకాటలో ఆరితేరిన చేతులు అలవాటుకొద్దీ టపటపా కలిపేస్తాయి. ఆ ఒక్క కలుపుతో మూడు ఎపిడెమిక్‌లు మొదట్లోనే రావచ్చు, లేదా అన్నీ అడుక్కి చేరి ఆట చప్పగా గెలిచేయొచ్చు. 50 కార్డులు, వంతుకి 2, మొత్తం 25 వంతులు. నలుగురైతే తలకి ఆరే, ఒకరికి ఏడు. నాలుగు మందులూ ఆలోపు కనిపెట్టాలి. రెండు కార్డులు తీయాల్సినప్పుడు కట్టలో లేకపోతే ఓటమే. ఈ లెక్క ముందే చెబితే ఎవరూ ఊరికే విమానాలు ఎక్కరు.

కుప్పలు కట్టడం వల్ల ఒక సంగతి తెలిసిపోతుంది. మొదటి పది కార్డుల్లో ఎపిడెమిక్ వచ్చేసిందంటే ఆ పది అయ్యేదాకా ఊపిరి పీల్చుకోవచ్చు. అయితే ఒక కుప్ప అడుగునా, తర్వాతి కుప్ప మొదట్లోనూ ఉంటే రెండూ ఆనుకుని వస్తాయి. పదేసి కార్డుల కుప్పల్లో అవి వరస వంతుల్లో పడతాయి, కుప్పకి కార్డులు బేసిగా వచ్చే ఆటల్లో (ఎపిడెమిక్‌లు 6 పెట్టినప్పుడు లాగా) ఒకే వంతులో కూడా రావచ్చు. అలా వచ్చినప్పుడు ఏమవుతుందో చూడండి. మొదటిదానికి అంటు వేగం (వంతుకి తీయాల్సిన అంటు కార్డుల లెక్క) పెంచి, జబ్బు ఏ ఊరికి పాకుతుందో చెప్పే అంటు కట్ట అడుగు కార్డు లాగి ఆ ఊళ్ళో 3 దిమ్మలు పెట్టి, పారేసిన కార్డులన్నీ కలిపి పైన పెట్టారు. వెంటనే రెండోది. మళ్ళీ వేగం, మళ్ళీ అడుగు కార్డు, ఇంకో ఊళ్ళో 3 దిమ్మలు. ఇప్పుడు పారేసిన కుప్పలో ఎన్ని కార్డులున్నాయి? ఒక్కటే, ఇప్పుడు లాగినదే. దాన్ని 'కలిపి' పైన పెట్టాలి. ఆ వెంటనే అంటు కార్డులు తీసే దశ, మొదట వచ్చేది అదే ఊరు, అప్పటికే 3 దిమ్మలున్న ఊరు. పేలుడు ఖాయం. చేతిలో ఈవెంట్ కార్డు ఉంటే రెండు ఎపిడెమిక్‌ల మధ్య కూడా వేయొచ్చన్నది చాలామంది చదవని వాక్యం.

అంటు వేగం 2, 2, 2, 3, 3, 4, 4. దిమ్మలు రంగుకి 24, మొత్తం 96. ఏ రంగైనా అయిపోతే ఓటమి కాబట్టి ఆటకి ముందు ఎంచుకోవాలి. చాప సందుల్లో పడి నల్లవి 22 మిగిలితే మీకు తెలియకుండానే ఆట కఠినమవుతుంది. పోయినదాని బదులు అదే రంగు పూస వేసుకుంటే సరి. ఇంకో తప్పు కార్డులు ఇచ్చిపుచ్చుకోవడంలో. ఇద్దరూ ఒక ఊళ్ళో ఉంటే చాలదు, ఆ ఊరి కార్డే మారాలి. రీసెర్చర్ పాత్ర ఉన్నవాళ్ళు మాత్రం తన చేతిలోది ఏదైనా ఇవ్వొచ్చు. ఈ రూలు పట్టించుకోకుండా ఆడేసి "చాలా తేలికండీ ఈ ఆట" అన్నవాళ్ళు చాలామంది.

చేతుల్లో కార్డులు, చుట్టూ నలుగురు మగవాళ్ళు. వీధిలో వెళ్ళేవాళ్ళకి అది పేకాటే. పంపకాల్లో డబ్బులు కనపడక "ఎంతకాడుతున్నారేటి?" అని అడిగేవాళ్ళు. ప్రపంచాన్ని జబ్బుల నుంచి కాపాడుతున్నామంటే మరీ అనుమానం.

ఈ ఆటలకి అసలు తెగులు పెత్తనం. అందరి కార్డులూ బయటే ఉంటాయి, మాట మీద ఆంక్ష లేదు, కాబట్టి బాగా వచ్చినవాడు ఒక్కడే నలుగురి వంతులూ ఆడేస్తాడు. మిగతా ముగ్గురూ బొమ్మలు జరిపే కూలీలు. మన ఇళ్ళలో దీనికి వయసు కూడా తోడవుతుంది. మావయ్యగారు "కైరో పద" అంటే పదేళ్ళ పిల్ల చేతిలో ఎర్రవి నాలుగున్నా నోరు తెరవదు. దీనికి పనిచేసిన మందు ఒకటే: సలహా చెప్పడంలో చిన్నవాళ్ళు ముందు, పెద్దవాళ్ళు చివర, వంతు ఎవరిదో వాళ్ళే బొమ్మ ముట్టుకోవాలి. "మావయ్యగారూ, మీరు ఆఖర్నండి" అని చెప్పే ధైర్యం ఇంట్లో ఒక్క వదినకైనా ఉండాలి. మూడు నిమిషాల ఇసుక గడియారం పెట్టినచోట గాభరా పెరిగింది తప్ప పెత్తనం తగ్గలేదు.

పెత్తనాన్ని రూల్లోనే కట్టేసిన ఆటలూ ఉన్నాయి. ఆంట్వాన్ బౌజా చేసిన హనాబీలో ఎవరి కార్డులు వాళ్ళకి కనపడవు, ఎదుటివాళ్ళకే చూపిస్తూ పట్టుకోవాలి. 50 కార్డులు, 5 రంగులు. ప్రతి రంగులో ఒకట్లు 3, రెండు నుంచి నాలుగు దాకా రెండేసి, అయిదు ఒక్కటే. అయిదుని పారేస్తే ఆ రంగు వరస ఇక పూర్తి కాదు. సూచనలు 8, తప్పులు 3. కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళ ఎదురుగా కూర్చోకూడదు, రాత్రి దీపం వెలుగులో అద్దాల్లో అంకె కనిపిస్తుంది. ద క్రూ (2019) అయితే తురుపు ఆట వచ్చినవాళ్ళకి నేర్పనే అక్కర్లేదు. 36 రంగు కార్డులు, 4 రాకెట్లే తురుపు, మాట్లాడకూడదు, ఫలానా పట్టు ఫలానావాళ్ళే గెలవాలి.

హనాబీ ఇక్కడ ఎక్కువకాలం బతకలేదు. కారణం గాలి. ఉప్పుటేరు వైపు ఊళ్ళలో జూన్ నుంచి నవంబరు దాకా కాగితం అన్నది అప్పడంలా వంగుతుంది. వంగిన కార్డు వెనకనుంచే తెలిసిపోతుంది. పాండెమిక్‌లోనూ అంతే, మాటిమాటికీ పారేసి పైకెక్కే అంటు కార్డులు మిగతావాటికంటే ముందు వంగి, మాసి, వద్దన్నా గుర్తుపడతాం. చాలా పెట్టెల్లో కార్డులు 63 బై 88 మిల్లీమీటర్లు. ఆ కొలత ప్లాస్టిక్ తొడుగులు వేస్తే వంగినా అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తొడుగు వేసేముందు కార్డు పొడిగా ఉండాలి, చెమ్మతో వేస్తే లోపలే బూజు. వంగినవాటిని ఎండలో పెట్టడం ఇంకా తప్పు, ఎండ తగిలిన ముఖం ముందు ఆరి అటువైపు ముడుచుకుంటుంది. రెండు లావు పుస్తకాల మధ్య రెండు రాత్రులుంచితే చాలావరకు దారికొస్తాయి. అట్టపెట్టెకంటే గట్టి మూత ఉన్న బిస్కెట్ డబ్బా మేలు. డబ్బా నేల మీద, గోడవారన వద్దు. అటక మీదా వద్దు, వేసవిలో రేకుల కింద తొడుగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి.

సీలింగ్ ఫ్యాన్ ఒకటి మీద ఉంటే ఫర్వాలేదు. టేబుల్ ఫ్యాన్ మాత్రం ఒక్క ఊపులో ఫర్బిడెన్ ఐలాండ్‌ని అట్లాంటిస్ చేసేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరో ఒకరు స్విచ్ వేసి ఉంచుతారు, అప్పుడే ప్రమాదం. కట్టల మీద చిన్న స్టీలు మూతలు బోర్లించేవాళ్ళు. తిండి విషయంలో కుడిచెయ్యి చేగోడీలకి, ఎడమచెయ్యి కార్డులకి. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం ఆట అయ్యాకే. నెయ్యి ఒక్కటైతే తుడవొచ్చు, నెయ్యిలో తడిసిన పంచదార పొడి తొడుగు సందులోకి పోతే తెల్లారేసరికి చీమలు.

పండగ అయ్యాక అందరూ వెళ్ళిపోతారు. అప్పుడు మిగిలేది ఒంటరి ఆట. పాండెమిక్‌నీ, ఫర్బిడెన్ ఐలాండ్‌నీ ఒక్కరే ఆడాలంటే రెండు చేతులుగా ఆడాలి. ఎదురుగా ఖాళీ పీట వేసి దాని ముందు రెండో పాత్ర కార్డులు పరచాలి. ఎవరి వంతో మరిచిపోతారు, తప్పకుండా. ఒక గవ్వ పెట్టుకుని వంతు మారినప్పుడల్లా అటూ ఇటూ జరపాలి. పనులు, కార్డులు, వరద అని మూడు మాటలు చీటీ మీద రాసి ముందు ఉంచుకోవాలి. నలుగురుంటే ఎవరో ఒకరు "వరద తియ్యలేదు" అని అరుస్తారు. ఒక్కరే ఉన్నప్పుడు మర్చిపోయిన ఆ దశవల్లే గెలుస్తారు, గెలిచామన్న తృప్తితో పడుకుంటారు.

ఒంటరి ఆటలో రారాజు స్పిరిట్ ఐలాండ్. ఆర్. ఎరిక్ రాయిస్ చేసింది, 2017. ఇందులో మీరు మనిషి కాదు, లంక దేవత. పరాయివాళ్ళు దిగి ఊళ్ళు కట్టి నేల పాడుచేస్తుంటే తరిమేయాలి. ఒక్కరికైతే ఒక బోర్డు, ఒక దేవత. బోర్డులో 8 నేలలు: అడవి, కొండ, ఇసుక, చిత్తడి, రెండేసి చొప్పున. డెల్టావాళ్ళు ఏ దేవతని ఎంచుకుంటారో చెప్పనక్కర్లేదు. రివర్ సర్జెస్ ఇన్ సన్‌లైట్, నది. చిత్తడి నేలలో దానికి ఒక్క గుర్తున్నా అది పవిత్రస్థలమే, మిగతాచోట్ల రెండు కావాలి.

పరాయివాళ్ళ కట్టలో 12 కార్డులు, మొదటి దశవి 3, రెండోవి 4, మూడోవి 5. ఒక కార్డు ఈ వంతులో ఎక్స్‌ప్లోర్ (దిగడం) దగ్గర తెరుచుకుంటుంది, వచ్చే వంతులో బిల్డ్‌కి (కట్టడం), ఆపై వంతులో ర్యావేజ్‌కి (నేల పాడుచేయడం) జరుగుతుంది. అంటే ఏ నేల ఎప్పుడు దెబ్బతింటుందో రెండు వంతుల ముందే తెలుసు. భద్రాచలం మట్టం విని ధవళేశ్వరం గురించి ఆలోచించడం లాంటిదే.

తప్పు జరిగేది 'స్లో' కార్డుల దగ్గర. నది చేతిలో వాష్ అవే అని ఒక కార్డు ఉంటుంది, ముగ్గురిదాకా ఎక్స్‌ప్లోరర్లనీ టౌన్లనీ పక్క నేలకి తోసేస్తుంది. ఈ వంతులో ర్యావేజ్ జరగబోయే చిత్తడి మీదకి దాన్ని వేస్తారు కొత్తవాళ్ళు. కానీ వరస చూడండి: ముందు ఫాస్ట్ కార్డులు, తర్వాత పరాయివాళ్ళ ర్యావేజ్, బిల్డ్, ఎక్స్‌ప్లోర్, ఆ తర్వాత స్లో కార్డులు. మీ వరద చేరేసరికి నేల పాడైపోయి ఉంటుంది. స్లో కార్డు వేయాల్సింది ఇప్పుడు బిల్డ్ జరుగుతున్న నేల మీద. ఊరు కడతారు, కట్టనివ్వండి. ఆ వెంటనే తోసేస్తే వచ్చే వంతులో ర్యావేజ్ కార్డు అక్కడికొచ్చేసరికి పాడుచేయడానికి మనిషి ఉండడు. ఎక్స్‌ప్లోరర్ దెబ్బ 1, టౌన్‌ది 2, సిటీది 3. నేలకి మొత్తం 2 తగిలిందా, ఒక తెగులు. ఒక్కరే బ్లైట్ (తెగులు) కార్డు పెట్టి ఆడితే దాని మీద మొదట ఉండేవి 3 తెగుళ్ళే. ముందే తెగులున్న నేలలో మరొకటి పడితే పక్క నేలకీ పాకుతుంది. ఒంటరి ఎక్స్‌ప్లోరర్ని చూసి కంగారుపడక్కర్లేదు, వాడి దెబ్బ ఒకటే, నేల తట్టుకుంటుంది. వాడి వల్ల రేపు కట్టబోయే ఊరుని చూసే కంగారుపడాలి. ఒక ఆట గంటన్నర పట్టొచ్చు.

గ్లూమ్‌హేవెన్ అనే ఆట గురించి అడిగేవాళ్ళుంటారు. దాదాపు 10 కిలోల పెట్టె, 23 కిలోల సూట్‌కేసులో దానికి చోటివ్వాలంటే చీరలు మానేయాలి. ఆ విషయంలో ఎవరూ గెలవలేదు.

సర్దేటప్పుడు రబ్బరు బ్యాండ్లు వేయకూడదు. మే నెల ఎండకి కరిగి కార్డుల అంచున పసుపు చారలా అంటుకుంటాయి. శుభలేఖల్లో మిగిలిన ముక్కల్ని పట్టీలుగా కోసి చుట్టి, చివర దోపితే చాలు. లంక సెట్టులో 24తో పాటు ఏమీ రాయని పలక ఒకటి అదనంగా ఉంచేవాళ్ళు, ఏదైనా చిరిగితే దాని మీద పేరు రాసుకోవడానికి. అందుకని ఎంచేటప్పుడు ఇరవై అయిదు రావాలి. ఇరవై నాలుగే వచ్చాయంటే చాప దులపాల్సిందే.